రెండు దేశాల భాస్వరం ఎరువుల వాడకాన్ని పోల్చడం ఎలా: పరకాల ఎకరం నుంచి చైనా పట్టిక దాకా

తొలకరి పడి నార్లు పోసే రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల ఏ ఎరువుల దుకాణం ముందు నిలబడినా డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) ఎరువు మాటే వినిపిస్తుంది. సరుకు రాలేదని తెలియగానే ‘చైనా పంపడం ఆపేసిందట’ అని ఒకరంటారు. ‘వాళ్లు మనకు రెండింతల మందు వేస్తారు, వాళ్లకే చాలకపోతే మనకెక్కడ పంపుతారు’ అని పక్కనున్న ఇంకొకరు అందుకుంటారు. మొదటి మాటకు ఆధారం ఉంది. 2021 అక్టోబరు నుంచి చైనా తన ఎరువుల ఎగుమతికి ముందస్తు తనిఖీని తప్పనిసరి చేసింది, ఆ తర్వాతి సంవత్సరాల్లో అక్కడి నుంచి మనకు వచ్చే డీఏపీ బాగా తగ్గింది. రెండో మాట నిజమో కాదో తేల్చాలంటే మాత్రం లెక్క వేయాలి. ఆ లెక్కను ఎక్కడా జారిపోకుండా వేయడం ఎలాగో వ్యవసాయ డిప్లొమా, డిగ్రీ విద్యార్థులకూ, అంకెలతో మాట్లాడాలనుకునే రైతులకూ చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఉదాహరణకు భారతదేశాన్నీ చైనానూ తీసుకున్నాను. ఏ రెండు దేశాలకైనా పద్ధతి ఇదే.

ఇలాంటి పోలిక మొదటిసారి చేసినప్పుడు నేనే పప్పులో కాలేశాను. ఒక దేశం అంకె పీ2ఓ5 రూపంలో (భాస్వరాన్ని ఆక్సిజన్‌తో కలిపి చెప్పే లెక్క), రెండో దేశం అంకె శుద్ధ భాస్వరం రూపంలో ఉన్న సంగతి గమనించకుండా రెండింటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి, దాని మీద రెండు పేజీల వ్యాఖ్యానం కూడా రాసేశాను. తేడా రెండింతలకు పైగా కనిపించింది. ఆ తేడా అంతా కొలమానానిదే. అందుకే దేశాల జోలికి పోకముందు ఒక్క ఎకరంతో మొదలుపెట్టమని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

ఒకే మడి, నాలుగు అంకెలు

వరంగల్ ప్రాంతంలోని పరకాల దగ్గర ఎకరం వరి మడి ఉందనుకుందాం. రైతు చివరి దమ్ములో ఒక బస్తా డీఏపీ చల్లాడు. బస్తా మీద 18-46-0 అని అచ్చు వేసి ఉంటుంది. అంటే వంద కిలోల ఎరువులో 18 కిలోల నత్రజని, 46 కిలోల పీ2ఓ5 ఉన్నాయని, పొటాష్ లేదని అర్థం. బస్తా 50 కిలోలు కాబట్టి ఆ మడిలో పడిన పీ2ఓ5 23 కిలోలు. హెక్టారుకు 2.47 ఎకరాలు కాబట్టి హెక్టారు లెక్కన అది దాదాపు 57 కిలోలు అవుతుంది.

అదే మడిలో యాసంగిలో మళ్లీ నాటు వేసి మరో బస్తా చల్లితే, ఆ భూమికి ఏడాదిలో పడినది హెక్టారుకు 114 కిలోలు. సాగైన ఒక్కో పంటకు పడినది మాత్రం ఇప్పటికీ 57 కిలోలే. ఇక పీ2ఓ5 అన్నది ఎరువుల వ్యాపారంలో పాతకాలం నుంచి స్థిరపడిన లెక్క మాత్రమే. బస్తాలో ఆ పదార్థం అదే రూపంలో ఉండదు. అందులోని శుద్ధ భాస్వరం ఎంతో తెలియాలంటే 0.436తో గుణించాలి. అప్పుడు 57 కాస్తా 25, 114 కాస్తా 50 అవుతాయి. చల్లిన బస్తాలు రెండే, మడి అదే, రైతు అతనే. అయినా ఒకరు 25 అని, ఇంకొకరు 114 అని చెప్పవచ్చు, ఇద్దరిదీ తప్పు కాదు. ఏ దేశం అంకె చూసినా ఈ నాలుగింటిలో అది ఏ గూటిదో ముందుగా గుర్తుపట్టాలి.

బస్తాలను బస్తాలతో పోల్చడం ఇంకా ప్రమాదం. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ బస్తాలో పీ2ఓ5 8 కిలోలే ఉంటుంది, 20-20-0-13 బస్తాలో (నాలుగో అంకె గంధకానిది) 10 కిలోలు ఉంటుంది. ఫలానా దేశం ఇన్ని లక్షల టన్నుల ఫాస్ఫేట్ ఎరువు వాడిందని పత్రికలో చదివితే, అది సరుకు బరువా, అందులోని పోషకం బరువా అని అడగకుండా ముందుకు పోకూడదు.

అంకె ఎక్కడ దొరుకుతుంది, అందులో ఏముంటుంది

రెండు దేశాలకూ ఒకే చోట అంకెలు కావాలంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంటే ఎఫ్‌ఏఓ, నడిపే గణాంకాల భాండాగారం అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. ఎరువుల సమాచారం అందులో రెండు విభాగాలుగా ఉంటుంది: ఒకటి పోషకాల వారీగా, రెండోది సరుకుల వారీగా. మీకు కావలసింది మొదటిది. అక్కడ ఫాస్ఫేట్‌ను పీ2ఓ5గానే చూపిస్తారు. ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, వ్యవసాయంలో వాడకం వేర్వేరు వరుసల్లో ఉంటాయి. వ్యవసాయంలో వాడకం అన్న వరుసనే తీసుకోండి. ఉత్పత్తికి దిగుమతి కలిపి ఎగుమతి తీసేస్తే వాడకం వస్తుందని కొందరు సులువు లెక్క వేస్తారు. చైనా విషయంలో అది బాగా తప్పుతుంది, ఎందుకంటే అక్కడ ఫాస్ఫేట్‌లో ఒక భాగం పశువుల దాణాకూ, ఈమధ్య వాహనాల బ్యాటరీల తయారీకీ పోతోంది.

అదే భాండాగారంలో ‘చైనా’ అన్న పేరు ఒకటి, ‘చైనా ప్రధాన భూభాగం’ అన్న పేరు ఇంకొకటి కనిపిస్తాయి. మొదటి దానిలో హాంకాంగ్, మకావూ, తైవాన్ కూడా కలిసి ఉంటాయి. రెండింటినీ ఎంచుకుని మొత్తం తీస్తే ఒకే ఎరువును రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. ప్రతి అంకె పక్కన ఒక అక్షరం కూడా ఉంటుంది. అది ప్రభుత్వం ఇచ్చిన అంకెనా, అంచనానా, ఖాళీని పూరించడానికి లెక్కగట్టినదా అన్నది ఆ అక్షరమే చెబుతుంది. దాన్ని మీ పట్టికలోకి కూడా ఎక్కించుకోండి; తర్వాత వెతకడం కష్టం.

ఇక ఏ దేశానికా దేశం ప్రచురించే లెక్కల దగ్గరికి వస్తే అసలు మెలిక ఉంది. 2021-22లో మన దేశంలో వాడిన ఫాస్ఫేట్ పీ2ఓ5 లెక్కన సుమారు 78 లక్షల టన్నులు. చైనా గణాంక వార్షిక గ్రంథం తెరిస్తే 2021కి ఫాస్ఫేట్ ఎరువుల కింద 627 వాన్ టన్నులు అని ఉంటుంది. వాన్ అంటే పది వేలు, కాబట్టి అది 62.7 లక్షల టన్నులు. చూడగానే చైనా మనకంటే తక్కువ వాడుతున్నట్టు అనిపిస్తుంది. రెండు అంకెలనూ ఆయా దేశాల్లో ఏడాదిలో సాగైన మొత్తం పంటల విస్తీర్ణంతో భాగిస్తే మనకు హెక్టారుకు 36 కిలోలు, చైనాకు 37 కిలోలు వస్తాయి. దాదాపు సమానం! ఇంత చక్కగా సరిపోయిన లెక్క కళ్లముందు ఉంటే పెన్ను మూసేయాలనిపిస్తుంది. ఈ లెక్క తప్పు.

కారణం ఆ పట్టికలోనే పక్క నిలువు వరుసలో ఉంది. చైనా తన ఎరువులను నత్రజని, ఫాస్ఫేట్, పొటాష్, సమ్మేళన ఎరువులు అని నాలుగు భాగాలుగా చూపిస్తుంది. రెండు మూడు పోషకాలు కలిసి ఉన్న ఎరువులన్నీ నాలుగో భాగంలోకి పోతాయి. 2021లో ఆ భాగం పోషకాల లెక్కన సుమారు 229 లక్షల టన్నులు, అంటే ఫాస్ఫేట్ వరుసకు మూడున్నర రెట్లు. మన దగ్గర డీఏపీనీ, 20-20-0-13 లాంటి కాంప్లెక్సు ఎరువులనూ పక్కన పెట్టి, ఒక్క సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ బస్తాలనే లెక్కపెట్టి ‘ఇదే మా భాస్వరం వాడకం’ అని చెబితే ఎలా ఉంటుందో ఆ వరుస ఒక్కదాన్నే తీసుకోవడమూ అలాగే ఉంటుంది.

ఆ 229 లక్షల టన్నుల్లో భాస్వరం ఎంత అన్నది పట్టిక చెప్పదు. కాబట్టి ఇక్కడ ఒక ఊహ పెట్టుకోక తప్పదు, ఆ ఊహను దాచకుండా రాయకా తప్పదు. నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు భాస్వరం ఉందనుకుంటే చైనా మొత్తం 120 నుంచి 139 లక్షల టన్నుల మధ్య ఉంటుంది. సాగు విస్తీర్ణంతో భాగిస్తే హెక్టారుకు 71 నుంచి 82 కిలోలు. దుకాణం ముందు ‘రెండింతలు’ అన్న పెద్దమనిషి పట్టిక చూడకుండానే చాలా దగ్గరగా చెప్పాడన్నమాట. ఆ ‘నాలుగో వంతు నుంచి మూడో వంతు’ నా ఊహే తప్ప ఎవరి ప్రకటనా కాదని మీ కాగితం మీద కూడా ఉండాలి. ఎఫ్‌ఏఓ అంకెతో సరిచూసుకుని, రెండూ ఎక్కడ విడిపోతున్నాయో కూడా రాయండి.

దేనితో భాగిస్తున్నాం

పై లెక్కలో నేను సాగైన మొత్తం విస్తీర్ణం వాడాను. అంటే రెండు పంటలు పండిన భూమిని రెండుసార్లు లెక్కించాను. మన దేశంలో నికర సాగుభూమి, అంటే ఒక్కసారే లెక్కించిన భూమి, సుమారు 14.1 కోట్ల హెక్టార్లు. మొత్తం పంటల విస్తీర్ణం 21.9 కోట్ల హెక్టార్లకు దగ్గరగా ఉంది. మొదటిదానితో భాగిస్తే మన వాడకం 36 కాదు, 55 కిలోలు దాటుతుంది. ఎఫ్‌ఏఓ ఈ రెండింటినీ కాక, పంట భూములకు తోటలను కూడా కలిపి, భూమిని ఒక్కసారే లెక్కిస్తుంది. దానితో భాగిస్తే మన అంకె ఈ రెండింటి మధ్యలో పడుతుంది. ప్రపంచ బ్యాంకు సూచికలో శాశ్వత తోటల విస్తీర్ణం ఉండదు, పైగా మూడు పోషకాలూ కలిపే ఉంటాయి, కాబట్టి భాస్వరం పోలికకు అది పనికిరాదు.

చైనాలో 2021 సాగు విస్తీర్ణం 16.87 కోట్ల హెక్టార్లు. మూడో జాతీయ భూసర్వే ప్రకారం 2019 చివరికి ఉన్న పంట భూమి 12.79 కోట్ల హెక్టార్లు. దీనితో భాగిస్తే 94 నుంచి 109 కిలోలు వస్తాయి, మన 55తో పోలిస్తే తేడా రెండింతలకు కొంచెం తగ్గుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. చైనా సాగు విస్తీర్ణంలో పండ్ల తోటలు, తేయాకు తోటలు చేరవు, వాటికి వేసిన ఎరువు మాత్రం మొత్తంలో చేరుతుంది. అందువల్ల హెక్టారు అంకె ఉన్నదానికంటే కొంత ఎక్కువగానే కనిపిస్తుంది. ఈ దిద్దుబాటును నేను పై అంకెల్లో చేయలేదు.

చైనా రైతు స్థాయి సమాచారం చదివేటప్పుడు మరో కొలత ఎదురవుతుంది. అక్కడ భూమిని మూలో కొలుస్తారు. హెక్టారుకు 15 మూలు. మన లెక్కలో ఒక మూ ఆరున్నర గుంటలకు కాస్త పైన, ఎకరానికి సుమారు ఆరు మూలు. ‘మూకు 5 కిలోలు’ అని చదివి తక్కువే కదా అనుకుంటే పొరపాటు, అది హెక్టారుకు 75 కిలోలు.

సంవత్సరం ఎంపిక గురించి క్లుప్తంగా చెప్పాలంటే, ఒకే ఏడాదిని ఎప్పుడూ నమ్మకండి. మనకు ఎరువుల సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు, చైనాకు జనవరి నుంచి డిసెంబరు వరకు. 2020-21లో మన పీ2ఓ5 వాడకం దాదాపు 90 లక్షల టన్నులు ఉండగా, అంతర్జాతీయ ధరలు మండిపోయిన మరుసటి ఏడాదికి అది 78 లక్షలకు దిగింది. మీరు ఏ ఏడాది తీసుకున్నారన్నదాన్ని బట్టే ముగింపు పది పదిహేను శాతం మారిపోతుంది. మూడేళ్ల సగటు తీసుకోవడం మేలు. పైగా మన అంకె కొనుగోలుది, చల్లినది కాదు. 2018 నుంచి దేశమంతటా దుకాణంలో అమ్మకాలు నమోదు చేసే ఈ-పాస్ యంత్రం మీద వేలిముద్ర పడిన అమ్మకాన్నే లెక్కగడుతున్నారు. వచ్చే యాసంగికి దొరకదేమోనన్న భయంతో కొని ఇంట్లో పేర్చుకున్న బస్తా కూడా ఈ ఏడాది వాడకంలోనే చేరిపోతుంది.

హెక్టారు అంకె చెప్పనిది

ఇంతవరకు వచ్చినవారు సాధారణంగా ఇక్కడే ఆగిపోయి ‘చైనా అతిగా వాడుతోంది’ అనో ‘మనం ఇంకా పెంచవచ్చు’ అనో తీర్మానం రాసేస్తారు. ఆ అంకెకు అంత బరువు మోసే శక్తి లేదు. పంట ఎంత తీసుకుపోతోందో చూడకుండా వేసినది ఎక్కువో తక్కువో చెప్పలేము.

మళ్లీ పరకాల మడికే వద్దాం. ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు వచ్చాయనుకుంటే, టన్ను వడ్లలో 2 నుంచి 3 కిలోల శుద్ధ భాస్వరం ఉంటుంది కాబట్టి గింజతో పోయినది 5 నుంచి 7.5 కిలోలు. గడ్డిని కట్టలు కట్టి తోలుకుపోతే ఇంకో రెండు రెండున్నర కిలోలు పోతాయి. డీఏపీ బస్తాతో వచ్చింది 10 కిలోలు. అంటే గడ్డి కూడా తీసుకుపోయే చోట ఒక బస్తాతో లెక్క దాదాపు సరిపోతుంది. అయితే మన దగ్గర చాలామంది అక్కడితో ఆగరు; నాటిన కొన్నాళ్లకు పైపాటుగా 20-20-0-13 బస్తా కూడా వేస్తారు. దాంతో మరో 4.4 కిలోల భాస్వరం పడుతుంది. భాస్వరం నేలలో కదలదు, అది చివరి దుక్కిలోనో దమ్ములోనో వేయవలసిన మందు. పైపాటు బస్తాలోని భాస్వరానికి పెట్టిన డబ్బు చాలావరకు మట్టిలో పోసినట్టే. ఇది పోలికకు సంబంధించిన మాట కాకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

రెండు దేశాల మధ్య ఇదే లెక్క వేయాలంటే దిగుబడి అంకెలు కావాలి, అక్కడా ఒక గుంట ఉంది. మన దేశం వరి దిగుబడిని బియ్యంగా చెబుతుంది, చైనా వడ్లుగా చెబుతుంది. 2021-22లో మన సగటు హెక్టారుకు సుమారు 2.8 టన్నుల బియ్యం. వడ్ల లెక్కలో 4.2 టన్నులు. చైనాది 7.1 టన్నుల వడ్లు. చైనా పొలంలోంచి గింజతో బయటికి పోయే భాస్వరమే మనదానికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉంది. కాబట్టి ‘రెండింతలు’ అన్న తేడాలో పెద్ద భాగం దిగుబడిలో వచ్చే తేడాకే సరిపోతుంది. ఎకరానికి 25 క్వింటాళ్లు తీసే వరంగల్ రైతు హెక్టారుకు 6 టన్నుల పైన పండిస్తున్నాడు, పంటకు 57 కిలోల పీ2ఓ5 వేస్తున్నాడు. అతని మడి మన దేశపు సగటు కంటే చైనా సగటుకే దగ్గర. దేశం మొత్తం సగటు చూసి ‘మనం తక్కువే వాడుతున్నాం’ అని అతనికి చెబితే అది తప్పు సలహా అవుతుంది. చైనాలోనూ సగటు ఇలాగే కప్పిపెడుతుంది. అక్కడి పాలిథిన్ గృహాల కూరగాయల సాగులో వేసే మోతాదుకూ, వరి పొలాల మోతాదుకూ పొంతన ఉండదు.

పశువుల పెంట సంగతి కూడా చూడాలి. పైన చెప్పిన గణాంకాలన్నీ రసాయన ఎరువులవే, పెంటలోని భాస్వరం వాటిలో ఉండదు. ఈ లోపం ఎంత పెద్దదో తెలియాలంటే నెదర్లాండ్స్‌ను గుర్తుచేసుకుంటే చాలు. అక్కడ రసాయన ఫాస్ఫేట్ వాడకం చాలా తక్కువ. దాన్ని చూసి ఆ నేలలకు భాస్వరం అందడం లేదనుకుంటే నవ్విపోతారు. పాడి పశువుల పెంటలోని భాస్వరమే భరించలేనంత ఎక్కువై, 2018 నుంచి ఒక్కో పాడి రైతుకు ఫాస్ఫేట్ హక్కుల పేరుతో పరిమితి పెట్టవలసి వచ్చింది. మన పల్లెల్లో ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక దిబ్బలు చిన్నవయ్యాయి. అందువల్ల రసాయన అంకె మన విషయంలో నిజానికి దగ్గరగా ఉంటుంది, పెద్ద ఎత్తున పందులు, కోళ్లు పెంచే చైనా విషయంలో కొంత దూరంగా ఉంటుంది.

చివరగా నేల. వేసిన భాస్వరంలో ఆ పంటకు అందేది సాధారణంగా 15 నుంచి 25 శాతమే. మిగిలినది ఎర్ర చెలకల్లో ఇనుము, అల్యూమినియంతోనూ, సున్నం ఎక్కువగా ఉన్న నల్లరేగడిలో కాల్షియంతోనూ బిగుసుకుపోయి ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. 1980ల తర్వాత చైనా నేలల్లో ఈ నిల్వ బాగా పెరిగింది. ఎరువుల వాడకాన్ని 2020 నాటికి పెరగకుండా నిలబెట్టాలని 2015లో ఆ దేశం లక్ష్యం పెట్టుకుని, ఆ ఏడాది 6 కోట్ల టన్నులు దాటిన మొత్తం వాడకాన్ని 2020కల్లా 5.25 కోట్లకు దించినా దిగుబడులు పడిపోకపోవడానికి ఆ నిల్వ కూడా ఒక కారణమే. మన వైపు కూడా ఏళ్లుగా డీఏపీ పడిన వరి మళ్లలో భాస్వరం పేరుకుని, జింకు అందక ఆకుల మీద తుప్పు మచ్చలు కనిపించే చోట్లున్నాయి. నేలలో ఉన్నదాన్ని కరిగించే జీవన ఎరువు పీఎస్‌బీని పెంటలో కలిపి వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. భూసార పరీక్షల అంకెలను పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త: చైనా పత్రాల్లో లభ్య భాస్వరం కిలో మట్టికి మిల్లీగ్రాముల్లో ఉంటుంది, మన పరీక్ష పత్రంలో హెక్టారుకు కిలోల్లో ఉంటుంది. పై పొర 15 సెంటీమీటర్లకు మొదటిదాన్ని 2.24తో గుణిస్తే రెండోది వస్తుంది. రెండు చోట్లా లభ్య భాస్వరాన్ని కొలిచే ఓల్సెన్ పద్ధతినే వాడారా అని కూడా చూడాలి.

ధరల విధానాన్ని కారణంగా చెప్పదలచుకుంటే ఒక్క విషయం తప్పకుండా రాయండి. 2010 ఏప్రిల్ నుంచి మన భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాన్ని బట్టి రాయితీ ఇస్తున్నారు, యూరియా ధరను మాత్రం ప్రభుత్వమే గట్టిగా పట్టి ఉంచింది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు, 50 కిలోల డీఏపీ 1,350 రూపాయలకు దొరుకుతున్నప్పుడు రైతు చేయి ఎటు పోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

పట్టిక పూర్తయ్యాక దాని కింద రెండు మూడు వాక్యాల గమనిక పెట్టండి. నేనైతే ఇలా రాస్తాను: ‘అంకెలన్నీ పీ2ఓ5 రూపంలో, హెక్టారుకు కిలోల్లో ఉన్నాయి. భారతదేశం 2021-22, చైనా 2021. భాగించినది మొత్తం పంటల విస్తీర్ణంతో. భారతదేశం 36, చైనా 71 నుంచి 82. చైనా సమ్మేళన ఎరువుల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు భాస్వరమని ఊహించాం. పశువుల పెంట చేర్చలేదు. చైనా తోటల విస్తీర్ణం చేరలేదు, వాటి ఎరువు చేరింది.’